గుండ్లకమ్మ బండచేప, మా గొడ్ల తొట్టి

నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. అరవై నాలుగేళ్ళ కిందటి తగువొకటి తేల్చుకోవడానికి పోయిన నెల గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్ళాను. ఆ రోజుల్లో మా ఉమ్మడి ఇంటి గొడ్ల తొట్టిలో పాచి పట్టకుండా ఏటి నుంచి రెండు బండచేపలు తెచ్చి వదిలేవారు. అవి రాతి గోడను నాకుతూ తిరుగుతుంటే నేను బడి మానేసి చూసేవాణ్ణి. ఒక వేసవిలో రెండూ చచ్చి తేలాయి. ఆ రోజే మా పెదనాన్న కొడుకు వెంకటప్పయ్యను సున్నం బకెట్‌తో తొట్టి దగ్గర చూశాను. చంపింది అతనే అని తీర్మానించుకున్నాను. తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడినా పలకరించలేదు. చేపల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఈసారి అతని నోటితోనే ఆ మాట చెప్పించాలనుకున్నాను.

గుంటూరులో ఉదయం ఆరింటి బస్సెక్కితే చిలకలూరిపేట మీదుగా తొమ్మిది లోపే అద్దంకిలో దిగవచ్చు. టికెట్ నూట యాభై చిల్లర. దారి పొడుగునా పత్తి విచ్చుకుని ఉంది, మిరప చేలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పత్తి చేలో ఫొటోలు దిగి దాన్ని పూలతోట అని రాసే యాత్రికులున్నారు. రాసుకోనివ్వండి. అద్దంకి నుంచి ఏటి దాకా, అక్కణ్ణుంచి మా ఊరికీ ఆటోకు మూడు వందలు. డ్రైవర్ మస్తాన్ ఆ చుట్టుపక్కల వాడే.

"చేపను చూడ్డానికా సార్? కొత్తపట్నం పోకపోయారా, పడవల నిండా ఉంటాయి."

"అవి సముద్రం చేపలయ్యా. నాకు రాయి నాకే చేప కావాలి."

"వేలెడంత ఉంటదండీ, పులుసుకి కూడా రాదు. తినేది కాదు, దానికోసం గుంటూరు నుంచా!" అని నవ్వాడు. అయినా నీళ్ళు బండల మీద పలచగా పారే చోటికి సరిగ్గా తీసుకెళ్ళాడు. "అలికిడి చెయ్యమాకండి" అన్నాడు.

ముదురు గోధుమ రంగు, బల్లపరుపు పొట్ట. నోరు ముందుకు కాక కిందికి ఉంటుంది. కింది పెదవి వెనక బిళ్ళలాంటి కండ ఉంది. దానితో రాతిని కరుచుకుంటే ఎంత వడిలోనైనా కదలదు. నాచును గీరుకుంటూ పోతే వెనక రాతి అసలు రంగు చారగా బయటపడుతుంది. మా తొట్టి గోడ మీద కూడా అచ్చం అలాంటి చారలే ఉండేవి. మోకాళ్ళు పట్టేసే దాకా చూశాను. మస్తాన్ చెయ్యిచ్చి లేపాడు.

మేం ఊరు చేరేసరికి వెంకటప్పయ్య తన ఇంటి అరుగు మీద పత్తి కాయలు వలుస్తున్నాడు.

"ఏరా, దారి తప్పి వచ్చావా?"

"అన్నాయ్, ఆ తొట్టికి సున్నం కొట్టింది నువ్వే కదా?"

"నేనే. చేపలు చచ్చినాక కొట్టా. కంపు కొడతంటే మా నాన్న కొట్టమన్నాడు."

"మరి ఎట్టా చచ్చాయి?"

చేతిలో కాయ పక్కన పెట్టాడు. "చేపలకి శుభ్రంగా ఉండాలని ఆ నెలంతా పొద్దున్నే పీచు పెట్టి తొట్టి తోమింది ఎవర్రా? నువ్వేసిన అన్నం మెతుకులు నీళ్ళలో కుళ్ళిపోయినయ్. పాచి లేకుండా అవేం తిని బతుకుతయ్?"

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"పదేళ్ళోడివి, బెంగపడతావని నాన్న చెప్పొద్దన్నాడు. పెద్దయ్యాక చెబుదామంటే, నువ్వు మాట్లాడితేగా!"

ఈ చేపకు నాచే ఆహారమని ఎన్ని పుస్తకాల్లో చదివానో. ఒక్కసారైనా పీచు పట్టుకున్న నా చెయ్యి గుర్తుకు రాలేదు. తోమేటప్పుడు అవి నా వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంటే ఆడుకుంటున్నాయనుకునేవాణ్ణి. మిగిలిన కొద్దిపాటి పాచి కోసం తిరుగుతున్నాయని ఇప్పుడు తెలుస్తోంది.

వెళ్ళేవారికి ఒక మాట. వానలు తగ్గి నీరు తేటబడ్డాక, ఎండ బాగా పడే పది గంటల వేళ ఏటికి వెళ్ళండి. తిరుగు ప్రయాణానికి చీకటి పడ్డాక కూడా అద్దంకిలో బస్సులు దొరుకుతాయి, ఐదింటి బస్సు కోసం కంగారుగా లేవకండి. నేను మాత్రం లేచాను. వెంకటప్పయ్య కర్ర ఊనుకుంటూ ఆటో దాకా వచ్చి నిలబడ్డాడు. అనవలసిన మాట అనకుండానే ఎక్కేశాను.