ఫ్యాను వేసి సాధ్వులను వెనక్కి పంపిన రోజు

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది. నాకు ఫ్యాను స్విచ్చి మీద వేలు పెట్టినంతసేపు పట్టింది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను. మా అత్త ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. వజ్రకరూరు దగ్గర మా ఊళ్ళో బట్టలు కుట్టేదాన్ని. దారాలు, లైనింగు గుడ్డలు గుంతకల్లులో సుశీలక్క దుకాణంలో కొనేదాన్ని. వాళ్ళు జైనులు. తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చారట గానీ, ఆమె మాట వింటే గుంతకల్లు ప్లాట్‌ఫారం మీదే పుట్టిందనుకుంటారు. పొద్దు గుంకితే మంచినీళ్ళు కూడా ముట్టదు. బల్ల మీద చీమ కనబడితే కాగితం ముక్క మీదికి ఎక్కించి బయట వదిలేస్తుంది. ఆ చీమ తిరిగొస్తే అంతే ఓపికగా మళ్ళీ మోసుకుపోతుంది. బేరం కోసం నిలబడ్డవాళ్ళు ఆగాల్సిందే.

ఒక శుక్రవారం సుశీలక్క ఫోన్ చేసింది. వాళ్ళ సాధ్వులు, అంటే జైన సన్యాసినులు, ఇద్దరు బళ్ళారి నుంచి అనంతపురానికి కాలినడకన పోతున్నారట. మరుసటి రోజు మా ఊరి బడిలో బస. మాంసం వండని ఇల్లు ఊళ్ళో మాదే కాబట్టి భిక్షకు మా వైపే రావచ్చు. తాను కూడా ఆ దారంతా చెప్పులు లేకుండా వాళ్ళ వెంట నడుస్తోందట. అంతా చెప్పి, చివరికి గట్టిగా ఒక మాట అంది.

"శైలా, వాళ్ళ కోసమని నువ్వేమీ చేయొద్దు. మీరు తినేదాంట్లోనే రవ్వంత పెట్టు. ఏమీ చేయొద్దు, ఇనపడతాండాదా?"

వినపడింది. కానీ చుట్టాలు కాఫీ వద్దంటే చిక్కటి పాలు పోసి తెచ్చే ఊరు మాది. "ఏమీ చేయొద్దు" అనే మాట నా చెవిలో పడేసరికి "పండగ చెయ్యి" అయిపోయింది.

మా అత్త గౌరమ్మకు కూడా ఈ సంగతి తెలుసు గానీ, నాతో చేయి కలపలేదు. పప్పులో ఉప్పు దగ్గర మొదలైన తగువు ముదిరి, ఆమె అప్పటికే పక్క గదిలో వేరు పొయ్యి పెట్టుకుంది. ఆ గది గుమ్మం సందులోకి ఉంటుంది. ఆమె వంట ఆమెది, నాకూ మా ఆయనకూ వంట నాది.

శనివారం తెల్లవారకముందే లేచాను. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దానికే తెలియని ఊళ్ళో, రెండు బిందెల నీళ్ళు వాకిట్లో కుమ్మరించి కళ్ళాపి చల్లాను. గడప నిండా పూలు పరిచాను. ఇక వంట. భూమిలో పండే గడ్డలు జైనులు తినరని నాకు తెలుసు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారెట్టు అన్నింటినీ వంటింటి నుంచి వెలివేశాను. అప్పుడు నా చురుకైన బుర్రకు ఒక అనుమానం తట్టింది. వేరుశెనగ కూడా భూమిలోనే కదా పండేది?

దాన్నీ తీసేశాను. మా జిల్లా వంటలోంచి వేరుశెనగ తీసేయడమంటే రైలు దారిలోంచి పట్టాలు పీకేయడమే. అయినా వెనుదీయలేదు. ఓళిగలు, చిత్రాన్నం, పప్పు, బీరకాయ కూర, పాయసం చేశాను. పెళ్ళివారు దిగినా సరిపోయేంత.

ఎండ ముదిరాక వీధి మలుపులో తెల్లబట్టలు కనబడ్డాయి. కళ్ళాపి ఆరిపోయిందని గుర్తొచ్చి, మర్యాదకు లోటు రాకూడదని మరో చెంబు నీళ్ళు చల్లేశాను.

ముందు పెద్ద సాధ్వి, వెనుక ఒక చిన్నావిడ. ఇద్దరికీ పాదాలు పగిలి ఉన్నాయి. నోటికి తెల్లటి గుడ్డ, చంకలో చీమలను పక్కకు తోసే మెత్తటి ఉన్ని కుచ్చు, చేతిలో చెక్క గిన్నెలు. వాళ్ళ వెనుక సుశీలక్క. పెద్దావిడ తడి వాకిలి చూసి ఆగిపోయింది. తర్వాత గోడవారగా పొడినేల వెతుక్కుంటూ, గడప మీద పూలు తొక్కకుండా పక్కనుంచి, నిదానంగా వసారాలోకి వచ్చింది. పచ్చినీళ్ళలోనూ పూలలోనూ ప్రాణాలుంటాయని, వాటి మీద కాలు పెట్టరని నాకప్పుడు తెలియదు. కాళ్ళకు బురదంటుతుందని భయపడుతున్నారేమో అనుకున్నాను. నేనెంత విద్వాంసురాలినో చూడండి.

పెద్దావిడ ఆదోనిలో పుట్టిందట, తెలుగు చక్కగా మాట్లాడింది. ఇంట్లో ఎంతమంది తింటారని అడిగింది. నేనూ మా ఆయనా అన్నాను. ఆమె వరసగా పెట్టిన గిన్నెల వైపు చూసి, ఇద్దరికి ఇంత వంటా అంది. నేను పొంగిపోయాను.

"మాకేడిదమ్మా ఇంత? అంతా మీ కోసమే చేసినా."

వెనుక సుశీలక్క నుదురు పట్టుకుంది. ఆ తర్వాత అరచెయ్యి అటూ ఇటూ గబగబా ఊపసాగింది. ఇంకేమీ మాట్లాడొద్దని దాని అర్థం. నాకు మాత్రం పాపం ఎండలో నడిచొచ్చింది, విసురుకుంటోంది, గాలి కావాలని అడుగుతోందని అర్థమైంది. ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయి ఫ్యాను వేశాను.

సాధ్వులు ఇద్దరూ ఒకేసారి వెనక్కి అడుగు వేశారు.

కోపం లేదు, విసుగు లేదు. పెద్దావిడ గిన్నె మూసి, "ఈ పూటకు మీ ఇంట్లో తీసుకోకూడదు తల్లీ. నువ్వేమీ బాధపడొద్దు" అని మెట్టు దిగింది.

సుశీలక్క నన్ను స్తంభం చాటుకు లాగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. తమ కోసం వండింది వాళ్ళు తీసుకోరు, ఎందుకంటే ఆ పొయ్యి మంటలో, ఆ నీళ్ళలో పోయిన ప్రాణాల బరువు వాళ్ళదవుతుంది. ఫ్యాను తిరిగితే గాలిలోని జీవాలకు దెబ్బ. తమ కోసం ఎవరైనా స్విచ్చి వేశారంటే ఆ ఇంట్లో ఆ రోజుకు భిక్ష లేనట్టే. అక్క గుంతకల్లు నుంచి డబ్బా మోసుకొచ్చినా ముట్టరు. చివరికి ఇంకో మాట చెప్పింది.

"ఆ చిన్నామె కొన్ని దినాల నుంచి ఉపవాసం ఉండాది. ఈ పొద్దు విడవాల్సింది. ఊళ్ళో ఇంకో ఇల్లు యాడుండాది?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పరుగున పోయి చిన్న సాధ్వి ముందు నిలబడి, నా వల్ల మీరు పస్తులుండాల్సి వచ్చిందని ఏడుపు గొంతుతో అన్నాను. ఆమె పెదవులు నాకు కనబడలేదు గానీ కళ్ళు నవ్వాయి. దొరికితే ఒళ్ళు నడుస్తుంది, దొరక్కపోతే ఉపవాసం ఇంకో రోజు సాగుతుంది, రెండూ మంచివేనంది. ఆ మాట ఓదార్పుకు అనలేదు. నిజంగానే ఆమెకు రెండూ ఒకటే. ఒక్కపూట అన్నం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషిని నేను.

వాళ్ళు సందులోకి తిరిగారు. అక్కడ అత్త గది తలుపు తెరిచి ఉంది. పొయ్యీ గుమ్మమూ వేరు కాబట్టి భిక్ష లెక్కలో అది వేరే ఇల్లు. అత్త అప్పుడే కంచం ముందు కూర్చుంటోంది. రెండు జొన్నరొట్టెలు, పక్కన వేరుశెనగ పొడి. కరెంటు గాలి ఒంటికి పడదని ఆ గదిలో ఫ్యాను పెట్టనివ్వలేదు. నా మీద కోపంతో ఆ రోజు తన గుమ్మం ముందు చుక్క నీరు చల్లలేదు. సాధ్వులు గుమ్మం ముందు ఆగితే, ఉన్నచోటు నుంచి లేచి, "నేను తినేది ఇదేనమ్మా. పనికొస్తే తీసుకోండి" అంది.

పొడిలో వెల్లుల్లి ఉందా అని పెద్దావిడ అడిగింది. శనివారం తాను వెల్లుల్లి ముట్టనంది అత్త. పెద్దావిడ గిన్నె చాపింది. అంతటితో నేను ఊరుకుని ఉంటే బాగుండేది.

"వద్దమ్మా, అది శెనక్కాయల పొడి. భూమిలో పండేది" అని సందు చివర నుంచి కేకేశాను.

"అది గింజ తల్లీ, గడ్డ కాదు" అంది పెద్దావిడ శాంతంగా. గడ్డలో లెక్కలేనన్ని జీవాలుంటాయని, అందుకే దాన్ని వదిలేస్తామని, వేరుశెనగతో ఆ చిక్కు లేదని వివరించింది. నేను పొద్దున్నుంచి వెలివేసిన వేరుశెనగే ఆ ఉపవాసం విడిపించబోతోందన్నమాట.

అత్త రెండు రొట్టెలూ పెట్టబోతే వాళ్ళు ఒక్కటే తీసుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒక్కటి. అత్త బతిమాలితే పెద్దావిడ ఇలా చెప్పింది. "మా భిక్షను గోచరి అంటారమ్మా. ఆవు మేసినట్టు అని. పైపైన రవ్వంత మేసి పోవల్ల. గడ్డి మళ్ళీ పెరగల్ల. మీరు మా వల్ల ఇంకోసారి వండుకోగూడదు."

వాళ్ళు వెళ్ళాక, నా వంటంతా ఊరు తినింది. సుశీలక్క కూడా తింటూ, వేరుశెనగ లేని చిత్రాన్నం ఈ జన్మలో ఇదే మొదలని అంది. సాధ్వులు తిన్న గిన్నెను గుక్కెడు నీళ్ళతో కడిగి, ఆ కడిగిన నీళ్ళు కూడా తాగేస్తారని అప్పుడే చెప్పింది. బిందె కోసం జుట్లు పట్టుకునే మా ఊరి ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను నా తడి వాకిలి వైపు చూడలేదు.

మధ్యాహ్నం బడి వరండాలో అందరం చేరాం. మాకేమీ ఇవ్వొద్దు, మీకు ఇష్టమైనదేదో ఒకటి వదులుకోండి, అదే మాకు ఇచ్చినట్టు అని పెద్దావిడ చెప్పింది. ఒకరు వక్కాకు వదిలారు, ఒకరు టీవీ సీరియల్ వదిలారు. నేను ధైర్యంగా కాకరకాయ వదిలేస్తానన్నాను.

"అది దానికి పుట్టినప్పటినుంచి పడదు" అంది అత్త. "దానికి ఇష్టమైనది మాట. అది వదలమనండి."

వరండా అంతా నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వి, రోజూ సాయంత్రం ఒక గంట మౌనం పడతావా తల్లీ అని అడిగింది. పొద్దున చేసిన తప్పుకు ఏదో ఒకటి చెల్లించాలి కదా. పడతానన్నాను. మరుసటి ఉదయం పొద్దు పొడిచాక వాళ్ళు ఉరవకొండ దారి పట్టారు. కాలి కింద ఏ పురుగూ పడకుండా నేల చూసుకుంటూ పోతున్న ఆ ఇద్దరూ కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. అంత తేలిగ్గా నేల మీద నడిచే మనుషులను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే అత్త తన పొయ్యి ఎత్తేసి నా వంటింట్లోకి వచ్చేసింది. నేను సంబరపడ్డాను. సాయంత్రమైంది, నేను మౌనంలో కూర్చున్నాను. అత్త పీట జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్తా, ఇను" అని మొదలుపెట్టింది.

పెళ్ళినాటి నుంచి నేను చేసిన తప్పులన్నీ వరసగా చెప్పింది. గంట చాలక మిగిలింది మరుసటి రోజుకు అట్టిపెట్టింది. జవాబు చెప్పే వీల్లేక మొదట్లో పళ్ళు నూరుకున్నాను. రానురాను, ఆమె చెప్పేదాంట్లో సగం నిజమేనని తెలిసొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో తగువుల్లేవు. ఇదంతా ఆ సాధ్వుల చలవే, ఒప్పుకుంటాను.

అయినా ఇందుమూలంగా, పూర్తి తెలివితో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ మహాత్ములు ఏ వ్రతం పట్టమన్నా, అత్త పొరుగూరికి పోయిన రోజు చూసి మాత్రమే పడతాను.