కొమురెల్లి చూసిచ్చిన క్రాంకు

మల్లాపూర్ షెడ్లలో పాత మోటార్‌సైకిళ్ల ఇంజన్ సామాను బాగుచేసేవాళ్లు పదిమంది దాకా ఉండేవాళ్లు. వాళ్లు చేసింది నిజంగా బాగైందో లేదో తేల్చి చెప్పేవాడు మాత్రం ఒక్కడే. అతని పేరు కొమురెల్లి.

అతనిది జనగామ పక్క ఊరు. నాచారంలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరాడు. తనిఖీ బల్ల చుట్టూ ఊడుస్తూ ఊడుస్తూనే గేజీలు చదవడం నేర్చుకున్నాడు. ఆరేళ్లు తిరిగేసరికి ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక తెలిసినవాళ్ల లేత్ షాపులో ఒక మూల బల్ల వేసుకుని, పాత జావాలు, బుల్లెట్లు నడిపేవాళ్లు తెచ్చే సామాను చూసిపెట్టేవాడు.

ధగధగ మెరిసే సామాను అతని దగ్గరికొస్తే ముందు దానికి పెట్రోలు స్నానం తప్పదు. చిక్కటి గ్రీజు నింపితే అరిగిన బేరింగు కూడా బిగుతుగా ఉన్నట్టే అనిపిస్తుంది. గ్రీజంతా పోయాక కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూసేవాడు. పక్కలకు కొంచెం కదిలితే పరవాలేదు, అది కదలాలి కూడా. నిలువునా వెంట్రుకంత కదిలినా పక్కన పెట్టేసేవాడు. సిలిండరైతే గీతలు తగులుతాయేమోనని లోపలి గోడ మీద చూపుడువేలి గోరు పై నుంచి కిందికి దించేవాడు. చివరికి క్రాంకును, అంటే ఇంజన్ లోపల తిరిగే చక్రాల ఇరుసును, రెండు దిమ్మల మీద పడుకోబెట్టి, వంకరెంతుందో చూపే డయల్ గేజీ మొన ఆనించి, మెల్లగా తిప్పేవాడు. ముల్లు రెండు మూడు గీతలు దాటి ఊగలేదని తేలితే గానీ "మంచిగుంది" అనేవాడు కాదు. ఆ మాట అన్నాడంటే దుకాణాల వాళ్లు మళ్లీ చూడకుండానే సామాను అమ్మేవాళ్లు.

రెండు వేల ఎనిమిది దసరా నాడు సత్యనారాయణమూర్తి ఒక క్రాంకు పట్టుకొచ్చాడు. ఆయన తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ మనిషి, గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న జావాను మళ్లీ రోడ్డెక్కించాలని ఏడాదిగా తిరుగుతున్నాడు. క్రాంకును బాగుచేసింది రామస్వామి. కొమురెల్లి షాపుకు రెండు సందుల అవతల అతని షెడ్డు. క్రాంకుల వంకర తీయడం తప్ప అతనికి వేరే పని లేదు, రాదు.

"గేజీ పూజల ఉంది సారు. రేపు పొద్దుగాల దాకా ముట్టం," అన్నాడు కొమురెల్లి. బల్ల మీద గేజీ, దిమ్మలు, స్పానర్లు అన్నీ పసుపు కుంకుమలతో, బంతిపూల కింద ఉన్నాయి.

"పండగపూట ఇబ్బంది పెడుతున్నాననుకోకండి. మెకానిక్ రేపు పొద్దున్నే వస్తాడు. మళ్లీ పదిరోజుల దాకా దొరకడట. అయినా మీ చెయ్యే గేజీ అంటారు కదండీ అందరూ?"

ఆ మాట కొమురెల్లికి తియ్యగా తగిలింది. క్రాంకు కడిగి, రాడ్డు లాగి చూశాడు. కదలిక లేదు. క్రాంకు చక్రం అంచు మీద ఒక నొక్కు కనిపించింది. వంకర తీసేటప్పుడు రామస్వామి కొట్టిన దెబ్బేలే అనుకున్నాడు.

"మంచిగుంది సారు. బేఫికర్‌గ ఎక్కియ్యున్రి."

పది రోజులకు మూర్తి అదే క్రాంకుతో మళ్లీ వచ్చాడు. బండి స్టార్టయిన రోజు నుంచే హ్యాండిల్ వణికిందట, అరికాళ్లు తిమ్మిరెక్కాయట. ఘట్‌కేసర్ చేరేసరికి బేరింగు కీచుమని అరిచి ఇంజన్ పట్టేసిందట.

"మీ మీద నాకు అనుమానం లేదండీ. గ్రీజులో ఏదో దాచి ఆ రామస్వామే మోసం చేశాడు. ఉప్పల్‌లో త్రిమూర్తులు గారి దుకాణంలో చెప్పేశాను కూడా. ఆయన రామస్వామి చేసిన క్రాంకులన్నీ పక్కన పెట్టించేశాడు."

ఉప్పల్, అంబర్‌పేట్ మెకానిక్‌లందరూ సామాను కొనేది త్రిమూర్తులు దగ్గరే. ఆ దుకాణం వద్దంటే వారం తిరిగేసరికి రామస్వామి షెడ్డుకు తాళం పడుతుంది.

కొమురెల్లి క్రాంకును దిమ్మల మీద పెట్టి తిప్పాడు. ముల్లు పాతిక గీతలు ఊగింది. అంచు మీది నొక్కును పెట్రోలుతో తుడిచి, భూతద్దం పెట్టి చూశాడు. రామస్వామి కొట్టేది రాగి సుత్తితో. దాని దెబ్బ చదునుగా పడుతుంది, కొంచెం ఎర్రగా మరక ఉంటుంది. ఇది లోతుగా, పదునుగా ఉంది. అడుగున సిమెంటు రవ్వ ఒకటి ఇరుక్కుని ఉంది.

"సారు, ఇది నా దగ్గరికి తెచ్చే ముందట ఏడన్న కింద పడ్డదా?"

"ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగుతుంటే సంచి చెవి తెగిందండీ. ఫుట్‌పాత్ మీద పడింది. ఇనుమే కదా, దీనికేమవుతుందిలే అనుకున్నాను."

"ఇనుమే సారు. గాని రెండు చక్రాలను ఒక పిన్ను మీద గట్టిగ నొక్కి కూర్చోబెడ్తరు. పక్క నుంచి దెబ్బ తగిలితే ఒక చక్రం పిన్ను మీద జరుగుతది."

"అయితే తప్పు నాదేనంటారు."

"పడేసింది మీరు. గేజీ పెట్టి చూడకుండ మంచిగుందన్నది నేను. రామస్వామిది ఏం లేదు."

మూర్తి క్రాంకు పట్టుకుని వెంట రాగా కొమురెల్లి రామస్వామి షెడ్డుకు నడిచాడు. రామస్వామి ఖాళీ బల్ల ముందు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏంది బావా, దొంగల గల్లీకి తోవ దప్పి వచ్చినవా?"

కొమురెల్లి జరిగిందంతా చెప్పాడు. పూజ సంగతి, నొక్కు సంగతి, తన మాట సంగతి, ఏదీ దాచలేదు. రామస్వామి బీడీ ఆర్పేశాడు.

"గేజీని పూజల పెట్టినప్పుడు నోరు గూడ పూజల పెట్టకపోయినవా? నాలుగు దినాలైంది, నా గుమ్మం ఎవ్వడు తొక్కలే."

"నిజమే బావా."

"నిజమే అంటే నాకేమొస్తది? ఇటు తే ఆ క్రాంకు."

రామస్వామి క్రాంకును సెంటర్లనే రెండు ఇనుప మొనల మధ్య బిగించి, గేజీ ఆనించాడు. కొమురెల్లి ముల్లు చూసి చెబుతుంటే అతను కొట్టాడు. ఒక దెబ్బ, తిప్పడం, మళ్లీ దెబ్బ. పాతిక గీతలు పదకొండుకు దిగాయి. పదకొండు అయిదయ్యాయి. చివరి దెబ్బలకు సుత్తి చప్పుడు కూడా వినిపించలేదు. ముల్లు రెండు గీతల దగ్గర నిలిచింది.

"క్షమించండి రామస్వామిగారూ. తెలియక నలుగురిలో మిమ్మల్ని అనేశాను," అన్నాడు మూర్తి.

"నాకు చెప్తే ఏమొస్తది సారు? ఆ నలుగురికి చెప్పున్రి."

మర్నాడు పొద్దున కొమురెల్లి గేజీని, దిమ్మలను, వాటి కింద వేసే ఒక ఇనుప పలకను పాత లుంగీలో చుట్టుకుని, మూర్తిని వెంటబెట్టుకుని ఉప్పల్ వెళ్లాడు. త్రిమూర్తులు కౌంటర్ ముందు ముగ్గురు నలుగురు మెకానిక్‌లు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామన్నట్టు మూర్తి పక్కకు జరిగాడు. కొమురెల్లి ఆగలేదు, నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచాడు. మూర్తి కూడా ఇక తప్పదని ముందుకొచ్చి, తాను క్రాంకును ఎక్కడ పడేశాడో తన నోటితోనే చెప్పాడు.

త్రిమూర్తులు అంతా విని కొమురెల్లి వైపు తిరిగాడు. "ఆయన పడేశారు, సరే. మరి నువ్వు చూసి బాగుందన్నావు కదయ్యా. ఇంక నీ మాట ఎట్టా నమ్మమంటావు?"

మెకానిక్‌లలో ఒకడు నవ్వాడు. ఇరవై ఏళ్లలో కొమురెల్లిని ఎవరూ అలా అడగలేదు.

"నా మాట నమ్మకున్రి. మీరే సూడున్రి."

పలక పరిచి, పక్కన పెట్టించిన క్రాంకులు మూడూ తెప్పించి, మొదటిదాన్ని దిమ్మల మీద పెట్టాడు. తాను తిప్పుతూ, ముల్లు చదవమని త్రిమూర్తులుకు చెప్పాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగాడు.

"రెండు. కాదు, రెండున్నర."

రెండోది రెండు. మూడోది మూడు. నవ్విన మెకానిక్ కూడా వంగి చూశాడు. త్రిమూర్తులు ఆ మూడింటినీ మళ్లీ అరలో పెట్టించి, లోపలి నుంచి బాగుచేయాల్సిన క్రాంకులు రెండు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇవి రామస్వామికి ఇవ్వు. అయ్యాక నువ్వే చూడు. కానీ బాగుంది అని చెబితే ఒప్పుకోను. ముల్లు ఎన్ని గీతలు ఊగిందో కాయితం మీద రాసి, సంతకం పెట్టి పంపు."

ఇన్నాళ్లూ ఒక్క మాట సరిపోయిన దుకాణం అది. కొమురెల్లి గేజీని లుంగీలో చుట్టాడు.

"అట్లనే రాస్త," అని క్రాంకులు రెండూ తీసుకున్నాడు.