మార్తమ్మ హోటల్‌లో గదులు లేవు

2004 జూన్‌లో నన్ను ఖమ్మం నుంచి మల్లెలవాగు సమాచార కేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా పర్యాటక సమాచార సహాయకుడు, అంటే మా కార్యాలయంలో కింది నుంచి రెండో మెట్టు. మల్లెలవాగు భద్రాచలం వెళ్ళే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, జలాశయం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ బదిలీ నేను అడిగింది కాదు. ఖమ్మంలోని నా కుర్చీ ఎవరికి కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

జలాశయం చూడటానికి వచ్చేవాళ్ళ కోసం అచ్చువేసే ఇంగ్లిషు కరపత్రంలో ‘ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి’ అన్న భాగానికి వివరాలు పంపడం నా పని. ఇది కూర్చుని రాసే పని అనుకుంటారు. కాదు. బస చూడటానికి ముందుగా చెప్పకుండా వెళ్ళాలి. తలుపుకు లోపలి గడియ పడుతుందా అని చూడాలి, పరుపు తిరగేయాలి, కుళాయి తిప్పి తేట నీళ్ళు వచ్చేదాకా ఆగాలి, ఒక రాత్రి అక్కడే పడుకోవాలి. తిండి దొరికే చోటయితే రద్దీ వేళ వెళ్ళి అందరితో పాటు బల్ల మీద కూర్చోవాలి. చేతులు కడిగే చోటు చూస్తే వంటగది సంగతి సగం తెలుస్తుంది.

ఉండటానికి ఊళ్ళో ఒకటే చోటు, నీటిపారుదల వాళ్ళ తనిఖీ బంగళా. ఐబీ అంటారు. ఇంజనీరు అనుమతి కావాలి, పెద్ద అధికారి ఎవరైనా వస్తే ఉన్నవాళ్ళు అప్పటికప్పుడు ఖాళీ చేయాలి. తినడానికి కూడా ఒకటే చోటు, జలాశయం కట్ట కింద మార్తమ్మ హోటల్.

మార్తమ్మకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. భర్త దావీదు జలాశయంలో చేపలు పట్టేవాడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నంతో బొచ్చె చేప పులుసు, సాయంత్రం మిర్చి బజ్జీ. వానలు పడ్డాక మొలిచే లేత వెదురు కొమ్ముల కూర. ముందురోజు పులుసు మిగిలితే పొద్దున ఇడ్లీలోకి వేసేది. అది కావాలని అడిగేవాళ్ళకు ఇచ్చేది కాదు, తనకు నచ్చినవాళ్ళకే. నాకు మూడో నెలలో గానీ దక్కలేదు. ఆదివారం చర్చి వదిలేదాకా పొయ్యి వెలిగించేది కాదు. ఎంత పెద్ద జీపు వచ్చినా అంతే.

ఇవన్నీ రాసి, ‘మార్తమ్మ హోటల్, సరస్సు ఒడ్డున, శుభ్రం’ అని తెలుగులో పంపాను. మా వైపు హోటల్ అంటే టీ, టిఫిను, భోజనం దొరికే చోటు. పడుకునేది లాడ్జి. ప్రధాన కార్యాలయంలోని ప్రచురణాధికారికి ఈ తేడా పట్టలేదు. ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు మార్తమ్మ పేరును ‘ఎక్కడ ఉండాలి’ కింద మొదటి స్థానంలో పెట్టారు. కరపత్రం విడుదల సభకు నన్ను పిలవలేదు. అచ్చయిన ప్రతి కూడా పంపలేదు.

డిసెంబరులో ఒక సాయంత్రం దావీదు సైకిలు మీద వచ్చి, మార్తమ్మ రమ్మంటోందని చెప్పాడు. వెళ్ళేసరికి హోటల్ ముందు మూడు సూట్‌కేసులు, విజయవాడ నుంచి వచ్చిన రిటైరైన హెడ్‌మాస్టరు, ఆయన భార్య, బల్ల మీద కాళ్ళు చాపుకుని ఆయన తల్లి. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఐబీలో ఆ రోజు ఎవరో పెద్ద ఇంజనీరు దిగాడు.

“ఏంది సారూ ఇది?” అంది మార్తమ్మ. “నా హోటల్ల రూములున్నయని కాయితంల రాసినవట. ఏడున్నయి? ఈ అన్నం వండే డేగిసల పండవెట్టాల్నా?”

హెడ్‌మాస్టరు కరపత్రం నా ముఖం ముందు పెట్టారు. “గవర్నమెంటు వాళ్ళు వేశారు కదా అని నమ్మి వచ్చామండీ. మా అమ్మకు డెబ్భై తొమ్మిదేళ్ళు.”

నేను రాసింది అది కాదని చెప్పబోయాను. మార్తమ్మ ఆపింది. “నీ పంచాయితి రేపు పెట్టుకో. నా పేరు సదివి వచ్చిండ్రు, వాపస్ ఎట్ల పంపుత?” అంటూ ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. “లేవు అవ్వా. చేపలు తింటవా?”

“తింటాను గానీ ముళ్ళు తీసి పెట్టాలి,” అంది ముసలమ్మ.

హోటల్ వెనక ఉన్న తమ గది వాళ్ళకిచ్చి, మార్తమ్మ, దావీదు పొయ్యి పక్కన పడుకున్నారు. ఒక్క రాత్రికని ఆగినవాళ్ళు మర్నాడు కదల్లేదు, ఆ మర్నాడూ కదల్లేదు. ముసలమ్మకు ఇడ్లీలోకి నిన్నటి పులుసు మొదటి రోజే దొరికింది.

హెడ్‌మాస్టరు ఇంటికి వెళ్ళి ప్రధాన కార్యాలయానికి రెండు సంగతులూ రాశారు, గదులు లేవనీ, ఆతిథ్యం గొప్పదనీ. మెచ్చుకోలు ప్రచురణాధికారి ఖాతాలో పడింది. తప్పుడు సమాచారం పంపినందుకు మెమో నాకొచ్చింది. మెమో అంటే రాతపూర్వకంగా సంజాయిషీ అడగడం. అది ఎత్తివేసేదాకా పదోన్నతి జాబితాలో పేరు చేరదు. నా పేరు కూడా అందులో తప్పుగా రాశారు.

సంజాయిషీలు రాస్తూనే ఉన్నాను. ఈలోగా కరపత్రం చూసి మరికొందరు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ గది ఖాళీ చేయలేక, మార్తమ్మ, దావీదు కలిసి హోటల్ పక్కన రెండు రేకుల గదులు లేపారు. ఏడాది తిరిగాక రెండో ముద్రణకు వేళయింది. ప్రచురణాధికారి నన్ను పిలిపించి, కూర్చోమనకుండానే సంగతి చెప్పారు. పొరపాటు క్షేత్రస్థాయిలో జరిగిందని సంతకం పెడితే మార్తమ్మ పేరు తీసేస్తారు, మెమో ఎత్తేస్తారు. జాబితా ఆ నెలలోనే వెళ్తోంది.

“హోటల్ అని రాసింది మీరే కదండీ,” అన్నారు. పేరు పోతే ఆ గదులకు ఎవరూ రారని నాకు తెలుసు. చేయని తప్పుకు సంతకం పెట్టననీ తెలుసు. ఈ రెంటిలో ఏది ఎక్కువ పనిచేసిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. కొత్తగా పరిశీలన చేసి పంపుతానని చెప్పి వచ్చేశాను.

అదే వారం రెండో గదిలో పడుకున్నాను. పరుపు బాగుంది, నీళ్ళు బాగున్నాయి. గడియ పడలేదు.

“అన్నం పెట్టిన దాని మీద రిపోర్టు రాస్తవా సారూ?” అంది మార్తమ్మ పొద్దున్నే.

“గడియ పడకపోతే బస అని రాయను.”

“మొగోనివి, ఈ అడవిల నీకెందుకయ్యా గడియ?” అని నవ్వింది గానీ, మధ్యాహ్నానికి దావీదు చేత కొత్త గడియ పెట్టించింది. ఆ రాత్రి మళ్ళీ పడుకుని చూసి, ‘రెండు గదులు, బసకు అర్హం’ అని పంపాను. కరపత్రంలో ఉన్నది ఇప్పుడు నిజం కాబట్టి తీసేయడానికి కారణం లేదని కింద రాశాను.

రెండో ముద్రణలో ఆమె పేరు ‘ఎక్కడ ఉండాలి’ కిందా, ‘ఎక్కడ తినాలి’ కిందా వచ్చింది. దావీదు గోడ మీద ‘ఇచ్చట తినబడును, ఉండబడును’ అని రాయించాడు. మెమో మాత్రం అప్పుడు ఎత్తివేయలేదు. రాసిన రోజున అది అబద్ధమే కదా అన్నారు. నా తర్వాత చేరిన మనిషి నాకంటే ముందు సహాయ అధికారి అయ్యాడు. రెండేళ్ళ తర్వాత మెమో ఎత్తేశాక నాకూ ఆ పదోన్నతి వచ్చింది. అప్పటికి ఆయన నా పై అధికారి.

సమాచారం రాసే ఉద్యోగంలో ఒక మాట తప్పు పడితే, దాని మీద ఎవరో ఒకరు పడుకోవలసి వస్తుందని, వాళ్ళకు చోటు చూపవలసింది అచ్చువేసినవాళ్ళు కాదని, ఆ ఊరివాళ్ళేనని అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఏ నివేదికలోనూ నేను హోటల్ అన్న మాట వాడలేదు. ‘తినే చోటు’, ‘పడుకునే చోటు’ అని రాశాను. చదవడానికి మొరటుగా ఉందని పైనుంచి రెండుసార్లు తిప్పి పంపారు. రెండుసార్లూ అలాగే రాసి పంపాను.