తొట్టి మీద మనిషి

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుంటే రైలు వంతెన కిందనుంచి వచ్చే బళ్ళన్నీ కనబడేవి. మా ఊరు అనకాపల్లికి దగ్గరలోనే, రైలు కట్టకి ఇవతల ఉంటుంది. చెరుకు తోటలన్నీ కట్టకి అవతల. కోసిన చెరుకు ఊళ్ళోని గానుగ దగ్గరికి చేరాలంటే ఆ వంతెన కిందనుంచే రావాలి, ఇంకో దారి లేదు. ఇనుప దూలాలు వేసి కట్టిన చిన్న వంతెన అది. ఎన్ని అడుగుల ఎత్తున్న బండి దాని కిందనుంచి వెళ్ళగలదో రెండు వైపులా రేకు బోర్డుల మీద రాసి ఉండేది.

అంతకు ముందు చెరుకు ఎడ్లబళ్ళ మీద వచ్చేది. నేను ఐదో తరగతికి వచ్చేసరికి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరు వెనకాల తగిలించిన తొట్టిలో మోపులు పేర్చి, తాళ్ళు బిగించి తెచ్చేవారు. ఎంత ఎత్తు పేర్చాలో తెలియడానికి తోట గట్టున ఒక వెదురు గెడ పాతి ఉండేది. బోర్డు మీది ఎత్తుకి రెండడుగులు తగ్గించి నరికిన గెడ అది. మోపులు దాని తలకి సమానంగా వస్తే ఇంక పేర్చడం ఆపేసేవారు. ఆ వదిలిన రెండడుగులూ మనిషి కోసం. పొద్దుటినుంచీ కోత కోసి అలసిపోయిన వాళ్ళలో ఎవరో ఒకరు చెరుకు మీద ఎక్కి వచ్చేవారు. వంతెన దగ్గర పడగానే బోర్లా పడుకునేవారు, దాటగానే లేచి కూర్చునేవారు. అలా రావచ్చా అని ఎవరూ అడగలేదు. అప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు, అంతే.

ఆ ఏడు కోతలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు ఆ రోడ్డు బాగుచేశారు. గోతులు పూడ్చి, కంకర పరిచి, రోలరుతో తొక్కించి, మళ్ళీ కంకర పరిచి తారు పోశారు. వానాకాలంలో వంతెన కింద నీళ్ళు నిలుస్తాయని అక్కడ మరికాస్త మందంగా వేశారు. ఊరంతా సంతోషించింది. పిల్లలం బడి అయ్యాక ఆ నున్నటి రోడ్డు మీద పరుగు పందేలు పెట్టుకునేవాళ్ళం.

మా తాతయ్య ఒక్కడే సంతోషించలేదు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి దిగిపోయిన మనిషి. ఎన్నో ఏళ్ళు పట్టాల ఎడం కొలుస్తూ నడిచాడు కాబట్టి దేన్నయినా కొలిచి చూసుకోవడం ఆయనకి అలవాటు. కోతలు మొదలైన రోజు, శనివారం పొద్దున్న, వెదురు గెడ ఒకటి పట్టుకెళ్ళి వంతెన కింద నిలబెట్టి చూసి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చుని లెక్క చెప్పాడు. రోడ్డు జానన్నర పైకి లేచింది. వంతెన ఎక్కడున్నది అక్కడే ఉంది. బోర్డు మీద అంకె మారలేదు, తోట గట్టున గెడ మారలేదు. తగ్గిపోయింది తొట్టి మీద మనిషి పడుకునే జాగా ఒక్కటే.

ఆ పొద్దుట వచ్చిన రెండు ట్రాక్టర్లనీ తాతయ్యే ఎదురెళ్ళి ఆపాడు. మధ్యాహ్నం రైల్వే వాళ్ళకి ఈ సంగతి చెప్పి బోర్డు మార్పించమని అడగడానికి బస్సెక్కి అనకాపల్లి వెళ్ళాడు. మాకు ఒంటిపూట బడి. వెళ్ళేముందు నన్ను పిలిచి, ట్రాక్టరు అల్లంత దూరాన కనబడగానే వంతెన దాటి ఎదురెళ్ళమన్నాడు. బండి ఆపించమన్నాడు. రోడ్డు లేచిందని చెప్పి, పైన ఎవరైనా ఉంటే దించెయ్యమని డ్రైవరుతో చెప్పమన్నాడు. నేను ఊఁ అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

ఎండ వాలుతుండగా ట్రాక్టరు వచ్చింది. నేను పరుగెత్తి వంతెన అవతలికి వెళ్ళి రోడ్డు వారన నిలబడ్డాను. నడిపేది మా వీధి చివరింటి మామ, పొద్దున్న తాతయ్య ఆపిన వాళ్ళలో ఆయన లేడు. చెరుకు మీద మా పక్కింటి అక్క కూర్చుని ఉంది. ఇంటి దగ్గర పసివాణ్ణి వదిలి కోతకి వచ్చింది కాబట్టి సాయంత్రం మొదటి బండి మీదే ఇంటికి బయలుదేరింది. నేను చెయ్యెత్తాను. మామ బండి పూర్తిగా ఆపలేదు గానీ బాగా నెమ్మది చేసి నాకేసి వంగాడు. ఇంజను చప్పుడు ఎలా ఉందంటే నా గొంతు నాకే వినబడలేదు. రోడ్డు లేచిందనీ, అక్కని దించెయ్యమనీ ఒక్క ఊపిరిలో అరిచాను. మామ నవ్వాడు, తలూపాడు. సీటు పక్కనున్న చెరుకు గెడ ఒకటి తీసి నాకేసి విసిరి ముందుకు పోయాడు. బడి పిల్లలం దారికి అడ్డంపడి గెడలు అడగడం మామూలే. మా కోసమని రెండు మూడు గెడలు ఆయన ఎప్పుడూ పక్కన పెట్టుకునేవాడు.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. గెడ నా కాళ్ళ దగ్గర పడగానే, నా మాట ఆయనకి వినబడలేదని నాకు తెలిసింది. వంతెన ఇంకా ఇరవై ముప్ఫై బారల దూరంలో ఉంది. వెంట పరుగెత్తొచ్చు. పైనున్న అక్కకి సైగ చెయ్యొచ్చు. అక్క నాకేసే చూసి నవ్వుతోంది కూడా. నేను మాత్రం వంగి గెడ తీసుకున్నాను. చెప్పమన్నారు, చెప్పాను, ఆయన తలూపాడు అనుకున్నాను.

అక్క ఎప్పుడూ పడుకున్నట్టే బోర్లా పడుకుంది. మొదటి దూలం ఆమె వీపు మీంచి దాటిపోయింది. తొట్టి చక్రం కొత్తగా వేసిన ఎత్తు మీదకి ఎక్కగానే రెండో దూలం ఆమె భుజానికి తగిలింది. పట్టుకున్న పై మోపులతో పాటు అక్క వెనక్కి నెట్టుకుపోయి రోడ్డు మీద పడింది. మామకి ఆ సంగతి తెలియనే లేదు. ఇంకో పది బారలు వెళ్ళాక, ఎదురుగా వస్తున్న వాళ్ళు చేతులూపితే ఆపాడు.

అక్క కుడి చెయ్యి ఆమె కిందే నలిగింది. మోచేతికి పైన ఎముక విరిగిందని చూస్తేనే తెలుస్తోంది. ఆమె ఏడవలేదు. ముఖం తెల్లబోయి, పిల్లాడికి పాలవేళయిందని మాత్రం రెండు మూడుసార్లు అంది. తొట్టిలోని చెరుకంతా రోడ్డు పక్కన దొర్లించేసి, అదే తొట్టిలో గడ్డి వేసి పడుకోబెట్టి అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

తాతయ్య బస్సు దిగేసరికి గానుగ దగ్గర జనం చేరి ఉన్నారు. అక్కని ఆసుపత్రిలో దించి తిరిగొచ్చిన మామ, తనకి ఎవరూ చెప్పలేదని అందరితో అంటున్నాడు. నేను చెప్పానని అన్నాను. మామ నాకేసి చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు.

“గెడ అడిగేవనుకున్నానమ్మా,” అన్నాడు.

అందరూ నన్ను చూశారు. తాతయ్య ముందుకొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నపిల్లకి అప్పజెప్పి వెళ్ళింది తానేననీ, అడిగేదేదో తనని అడగమనీ వాళ్ళతో అన్నాడు. అంతటితో అందరూ ఊరుకున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అక్క చెయ్యి ఏమవుతుందో, అసలు ఉంటుందో తీసేస్తారో అని అడగాలనుకుని అడగలేకపోయాను.

మర్నాడు ఆదివారం. తాతయ్య పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళొచ్చి, నన్ను గానుగ దగ్గరికి తీసుకెళ్ళాడు. ట్రాక్టరు అక్కడే ఉంది, మామ కూడా ఉన్నాడు. నన్నెత్తి ట్రాక్టరు సీటు మీద కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చెయ్యమని మామతో చెప్పాడు. సీటు అదురుతోంది, చెవులు గింగురుమంటున్నాయి. మామ కిందికి దిగి పక్కన నిలబడ్డాడు. తాతయ్య నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, నిన్న నేను నిలబడ్డంత దూరంలో నిలబడి ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనబడింది. గట్టిగా పట్టుకోమంటున్నాడనుకుని తలూపాను. ఆయన చెయ్యి చూపిస్తే మామ ఇంజను ఆపాడు.

“ఇప్పుడు నాను ఏటి సెప్పేను?” అని అడిగాడు తాతయ్య.

గట్టిగా పట్టుకోమన్నావని చెప్పాను.

“అక్క సెయ్యి అతుకుద్దని డాక్టరు సెప్పేడు. అదీ నాను సెప్పింది.”

రాత్రంతా నేను ఎదురుచూసిన మాట అది. నా ఎదురుగానే అన్నాడు, నేను తలూపాను కూడా. ఇంజను ఆపకుండా ఆయన అటునుంచి అటే వెళ్ళిపోయి ఉంటే ఆ మాట నాకు అందేదే కాదు. మామ తల వంచుకుని స్టీరింగు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో నిజం చెప్పేశాను. మామకి వినబడలేదని నాకు అప్పుడే తెలుసునన్నాను. తాతయ్య కొంత దూరం నడిచాక, తనకీ తెలుసునన్నాడు. తాను వచ్చేసరికి కూడా ఆ చెరుకు గెడ కొరకకుండా నా చేతిలోనే ఉందిట. తరవాత ఆయనన్న మాట నేను ఎదురుచూడనిది.

“నువ్వు ఊఁ అంటే నాను బస్సెక్కీసేను. ఏటి సెయ్యాలో ఓపాలి మల్లీ సెప్పమ్మా అని అడగలేదు. నీకంటే ముందు ఆ తప్పు నాది.”

ఆ మధ్యాహ్నమే తోట గట్టున గెడని జానన్నర నరికేశారు. తొట్టి మీద మనుషులు ఎక్కకూడదని కూడా ఊళ్ళో అనుకున్నారు. వంతెనకి కాస్త ముందు, రెండు వైపులా రాటలు పాతి, తాతయ్య అడ్డంగా తీగ కట్టాడు. దానికి ఖాళీ డబ్బాలు వేలాడదీశాడు. పేర్చిన చెరుకు గానీ మనిషి తల గానీ ఎత్తయితే ముందు డబ్బాలు తగిలి మోగుతాయి. రైల్వే వాళ్ళు వచ్చి బోర్డు మార్చడానికి కొన్ని వారాలు పట్టింది. అప్పటిదాకా బడికి ముందూ తరవాతా నేను తాతయ్యతో పాటు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేదాన్ని. బండి ఆగాలి. ఇంజను ఆపాలి. మేం చెప్పింది డ్రైవరు తన నోటితో తిరిగి చెప్పాలి. మా ఊరి వాళ్ళు రెండో రోజుకే అలవాటు పడ్డారు. మునగపాక వైపునుంచి వచ్చిన ఒకాయన మాత్రం విసుక్కున్నాడు. తనకన్నీ తెలుసునని, తప్పుకోమని అన్నాడు. తెలిసిందేమిటో చెప్పమని అడిగాను. ఆయన బోర్డు మీది అంకె చెప్పాడు. తాతయ్య నవ్వకుండా ఆయన్ని కిందికి దించి, కొలతగెడ చేతికిచ్చి వంతెన కింద పెట్టి చూడమన్నాడు. ఆయన చూసి వచ్చి, చెరుకు మీద కూర్చున్న తమ్ముణ్ణి దించేసి నడిపించుకుపోయాడు.

అక్క వారం తరవాత ఇంటికి వచ్చింది. చెయ్యి మెడకి కట్టి ఉంది. తల దువ్వుకోవడం కుదిరేది కాదు కాబట్టి నేను రోజూ వెళ్ళి దువ్వి జడ వేసేదాన్ని, పిల్లాణ్ణి ఆడించేదాన్ని. ఒకరోజు ఆమె వెనక కూర్చుని, ముఖం కనబడదు కదా అనే ధైర్యంతో, జరిగిందంతా చెప్పాను. అక్క ఎడం చేత్తో ఒళ్ళోని పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. నా చేతుల్లో ఆమె జుట్టు అలాగే ఉంది.

“నాకైనా సెయ్యి ఊపాల్సింది,” అంది. “నాను నీకేసే సూత్తన్నాను కదా.”

ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. కాసేపయ్యాక జడ బిగించమంది, బిగించాను. చెయ్యి అతికింది గానీ భుజం కంటే పైకి లేచేది కాదు. ఆమె దండెం మీద బట్టలు ఎడం చేత్తో ఆరేసుకోవడం మా అరుగు మీంచి కనబడేది. బతికినన్నాళ్ళూ నాతో బాగానే ఉంది. తన పిల్లాడికి అక్షరాలు నాచేతే దిద్దించింది.

నేను తరవాత నర్సు ట్రైనింగయి కోటవురట్ల చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్ళు మందులిచ్చాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పాక, ముసలివాళ్ళు తలూపితే లేచి వచ్చేదాన్ని కాదు. వాళ్ళచేత మళ్ళీ చెప్పించుకునేదాన్ని. కొందరు తప్పు చెప్పేవారు. ఆ తప్పు అక్కడే దొరికేది. వినబడలేదని తెలిసీ ఊరుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, ఎంత పొద్దుపోయినా విసుగు వచ్చేది కాదు.

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు పెద్ద ట్రైలరు నడుపుతున్నాడు. పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీలకి యంత్రాలు చేరవేస్తాడు. మొన్న మా ఇంటి మీదుగా కోటవురట్ల దారిలో వెళ్తున్నానని ఫోను చేశాడు. ఆ దారిలో ఒక ఊరి మొదట్లో కొత్తగా ఆర్చి కట్టారు, అది తక్కువ ఎత్తు, ఇంకా దానికి బోర్డు పెట్టలేదు, అక్కడ దిగి కొలుచుకోమని చెప్పాను. సరే అత్తా అన్నాడు. వెనక ఇంజను మోత వినబడుతోంది. బండి పక్కకి ఆపుకుని మాట్లాడమన్నాను. మోత ఆగింది.

“సరే అంటే ఏటిరా?” అని అడిగాను.

నా చిన్నప్పటినుంచీ ఇంతే నువ్వు అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఊరి పేరూ, ఆర్చి సంగతీ, దిగి కొలుస్తాననీ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. నేను పూర్తిగా విని, ఫోను పెట్టేశాను.