అత్తయ్య రిపోర్టులో "నెగటివ్" అన్న మాట

నిన్న పొద్దున్నే వైజాగ్‌లో ల్యాబ్ తాళం తీస్తుంటే నాన్న ఫోన్.

"భాగ్యం అత్త పోయిందమ్మా."

నమ్మలేదు. మొన్న ఆదివారమేగా మాట్లాడింది!

రొమ్ము కేన్సర్ మీద రీసెర్చ్ చేసే ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి, సొంత మేనత్త దానితోనే పోయిందని విన్నాను. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి కాట్రేనికోనలో అత్తయ్య వాళ్ళింటికి చేరాను. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. మావయ్య అక్కగారు అందరికీ వినిపించేలా అంటున్నారు. "పుట్టింటి జబ్బండీ. ఆళ్ళ రక్తంలోనే ఉంది."

పుట్టింటి రక్తం అంటే మాదే. నాదే.

అక్కడ నోరు మూసుకున్నాను. అందుకే ఇవాళ అమలాపురం నెట్ సెంటర్‌లో కూర్చుని రాస్తున్నా. మనవాళ్ళందరూ చదవండి.

మూడేళ్ళ క్రితం, అత్తయ్యకి కీమో సగంలో ఉండగా, మా ల్యాబ్‌లో టెస్ట్ చేయించాను. అత్తయ్యకి తన గురించి బెంగ లేదు. బెంగంతా కూతురు రాణి గురించే. "తల్లికి కేన్సరంటే పిల్లకి సంబంధాలొస్తాయేంటే? దానికి రాదని ఓ కాయితం ఇప్పించు చాలు."

రక్తంలో చూస్తే, కేన్సర్ రాకుండా కాపాడే జీన్‌లో వంశంలో దిగే లోపం కనపడలేదు. గడ్డ ముక్కలో చూస్తే అదే జీన్ చెక్కుచెదరకుండా ఉంది. కానీ పనిచేయడం లేదు. మిథైల్ అనే చిన్న చిన్న ముక్కలు అతుక్కుని, మూత పెట్టినట్టు దాన్ని ఆపేశాయి. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

అత్తయ్యకి ఇది చెప్పడానికి తంటాలు పడుతుంటే తనే అందుకుంది.

"ఓసింతేనా! ఒకటే రొయ్య సీడ్ రెండు చెరువుల్లో ఏస్తే ఒక దాంట్లో బాగుంటది, ఇంకో దాంట్లో తెల్లమచ్చ రోగం వస్తది. సీడ్ మంచిదే, నీళ్ళు పాడు. అలాగా?"

దాదాపు అలాగే అన్నాను. మా ప్రొఫెసర్ కూడా ఇంత బాగా చెప్పలేదు.

"మరి ఆ మూత తీసే మందుందా?"

ఉంది, కొన్ని రక్తం జబ్బులకి వాడుతున్నారు, దీనికింకా ట్రయల్స్‌లోనే ఉంది అన్నాను. "అయితే నా దాకా రాదులే" అని నవ్వేసింది.

అన్నీ చెప్పాను, కీమో మానొద్దన్న మాట తప్ప. తర్వాత రిపోర్ట్ కాగితం చేతికొచ్చిన రోజు మాత్రం ఆనందం పట్టలేక మావయ్యకి ఫోన్‌లో ఒక్క మాటే అన్నాను. "నెగటివ్ మావయ్యా! భయం లేదు!"

రాణికి భయం తక్కువని నా ఉద్దేశం.

వాళ్ళకి అర్థమైంది వేరు. అత్తయ్యకి కేన్సర్ ఇక లేదని.

అమలాపురంలో ఆ కాగితాన్ని లామినేషన్ చేయించేరు. ముమ్మిడివరం నుంచి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కాఫీతో పాటు దాన్నీ చూపించేరు. అత్తయ్య విగ్గు పెట్టుకుని, పూలు పెట్టుకుని, పక్కన నిలబడి నవ్విందట. సంబంధం కుదిరింది.

పెళ్ళికి వెళ్ళినప్పుడు చూస్తే అత్తయ్యకి పొట్టిగా సొంత జుట్టు వచ్చేసింది. కీమో నడుస్తుంటే జుట్టు అలా రాదు.

"మిగతా మూడు కీమోలు ఎప్పుడయ్యాయత్తా?"

"నెగటివ్ అన్నావుగా అమ్మడూ. ఇంకెందుకని మీ మావయ్యే మానిపించేరు."

మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఎముకల్లోకి పాకింది. ఆ మూడు కీమోలు పడితే బతికేదా? ఏమో. ఎవరూ చెప్పలేరు. ఆ ఏమో నన్ను జన్మంతా తింటుంది.

మావయ్య మీద కోపం లేదనను. ఉంది. ఒక్కసారి డాక్టర్‌ని అడిగితే నోరరిగిపోయేదా? కానీ పదేళ్ళు చదివి, కన్నతల్లి లాంటి మనిషికి తెలుగులో నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పలేని నా మీద ఇంకా కోపం.

ఇక అక్కగారికి. రిపోర్ట్ చూపించి సంబంధం కుదుర్చుకున్నప్పుడు మా రక్తం మంచిది. మనిషి పోయాక చెడ్డదా అండీ? ఆ కాగితం ఇంకా మీ తమ్ముడి బీరువాలోనే ఉంది. తీసి చదివించుకోండి.

నిన్న అత్తయ్యని తీసుకెళ్ళాక రాణి నా చెయ్యి వదల్లేదు. దానికిప్పుడు నాలుగో నెల.

"వదినా, నాది నెగటివేగా?"

ఆ మాట ఇంక నా నోట రాదు. "వంశంలో వచ్చే లోపమేదీ మాకు దొరకలేదు. అంటే ఎప్పటికీ రాదని కాదు. ఏటేటా డాక్టర్‌కి చూపించుకో. ఎవరు మానమన్నా మానకు" అన్నాను. మూడుసార్లు చెప్పాను. దాని చేత తిరిగి చెప్పించుకున్నాను.

నీకూ ఇలాగే చెప్పాల్సిందత్తా.

సీడ్ మంచిదే. వెళ్ళిరా భాగ్యం అత్తా, ఈసారి నీకు మంచి నీళ్ళు దొరకాలి. హాయిగా నిద్రపో.