తడి అడుగుల సాక్ష్యం

ఎన్నో ఏళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. ఒక్క మాటే. అన్నం దిగుతుంది, మంచినీళ్లు దిగుతాయి, నవ్వొస్తే హాయిగా నవ్వుతాను కూడా. ఆ మాట మాత్రం పైకి రాదు, కిందికి పోదు. నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

ఉమ్మడి రాష్ట్రం రోజులు. కాకినాడ నుంచి ఉద్యోగాలకొచ్చి సికింద్రాబాద్ పక్కన కార్ఖానా అనే పేటలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం మాది. మా ఇంట్లో సినిమా అంటే పాపం. నేను కాలేజీ ఎగ్గొట్టి, పక్కింటి సుజాతతో సికింద్రాబాద్‌లో మ్యాట్నీకి వెళ్లాను. దయ్యం సినిమాకి. పాపం ఎలాగూ చేస్తున్నాం, పెద్దదే చేద్దామనుకున్నాం.

ఇంటర్వెల్ దాకా ఎంత బాగుందో! పాత బంగళా. పొగమంచు. దయ్యం ఎక్కడా కనపడదు. తలుపు గడియ దానంతట అదే లేస్తుంది. దీపం ఆరిపోతుంది. గచ్చు మీద తడి అడుగులు ఒక్కొక్కటే పడుతూ మంచం దాకా వచ్చి ఆగిపోతాయి. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. సుజాత చెయ్యి గిచ్చి గిచ్చి ఎర్రగా చేసేశాను. ఇంటర్వెల్ అయ్యాక దయ్యం బయటికొచ్చింది. మొహం నిండా పౌడరు, చేతికి వాచీ. తన కష్టాలన్నీ ఏకరువు పెట్టి ఏడ్చింది, ఆఖరికి చీపురు దెబ్బలు తిని పారిపోయింది. "ఏందే గిది? గీ దయ్యం కోసమా నా చెయ్యి గిట్ల గిచ్చినవ్?" అంది సుజాత. నవ్వలేక చచ్చాం.

అక్కణ్నుంచి తిన్నగా సైనిక్‌పురిలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. మిలిటరీ నుంచి రిటైరైన మామయ్య ఆ ఇల్లు ముచ్చటపడి కట్టించి, ఎంతోకాలం ఉండకుండానే పోయాడు. అప్పటినుంచి అత్తయ్యకి చీకటంటే భయం. రాత్రంతా లైటు వెలగాల్సిందే, మా ఇంట్లోంచి ఎవరో ఒకరు తోడు పడుకోవాల్సిందే. ఇలా ఎన్నాళ్లు, ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్ అని నాన్న పోరుతున్నాడు. ఆమెకా, ఆ ఇల్లంటే ప్రాణం. ఆ రోజు తోడు వంతు నాది.

తలుపు తీయగానే నా మొహం చూసి ఏమైందని అడిగింది. నేనింకా ఆ మొదటి సగంలోనే ఉన్నాను. "తడి అడుగులు అత్తయ్యా, మంచం దాకా వచ్చాయి, కళ్లారా చూశాను" అనేశాను. 'సినిమాలో' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అప్పుడేం చేశావని అడిగింది. ఏం చెప్పను? వాచీ కట్టుకున్న దయ్యం సంగతి చెప్పనా? దేవుడి పాట పాడాను, అడుగులు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి అన్నాను. అత్తయ్య కళ్లు చెమర్చాయి.

ఆ వారం ఇంటి ప్రార్థన కూడికలో నన్ను లేపి సాక్ష్యం చెప్పమంది. సాక్ష్యమంటే, దేవుడు మన బతుకులో చేసిన మేలు నలుగురి ముందు నిలబడి చెప్పడం. అబద్ధం ఆడకూడని చోటు. ఆడాను. చిక్కేమిటంటే, బాగా ఆడాను. గొంతు పెగలకపోవడం, ఎట్టకేలకు పాటలో సగం చరణం రావడం, అడుగులు ఒక్కొక్కటే తిరిగి గడప దాటడం. ఎవరూ కదల్లేదు. ఆ సినిమా తీసినవాళ్లకు చేతకాని రెండో సగం నాకు కుదిరిందని లోలోపల పొంగిపోయాను కూడా. సిగ్గుపడాల్సిన చోట పొంగిపోయే మనిషిని ఏమనాలి? పాస్టరు అయ్యగారు 'స్తోత్రం' అన్నారు, అందరూ అన్నారు, అందరికంటే గట్టిగా అత్తయ్య అంది.

ఆ రాత్రి నుంచి ఆమె లైటు ఆర్పేసి, పాట పాడుకుని, ఒంటరిగా పడుకుంది. తోడు వద్దంది. ఇల్లు అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు చెప్పండి, నేను నోరెలా విప్పను?

కొన్నేళ్లకు, ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అత్తయ్య ఇంట్లో భోంచేసి కూర్చున్నాం. దేవుడి వాక్యం వినడానికని ఆమె కొనుక్కున్న టీవీ. ఛానల్ మారుస్తుంటే గచ్చు మీద తడి అడుగులు కనపడ్డాయి. నా చేతిలో కారప్పూస ఒలికిపోయింది.

"అమ్మాయ్! ఇది నీ సాక్ష్యమే! అచ్చంగా నీదే!"

"ఏమో అత్తయ్యా."

"ఏమో ఏంటే? మన కూడికలో ఎవరో విని సినిమావాళ్లకి మోసేశారు!"

ఛానల్ మార్చనివ్వలేదు. పాపమన్న సంగతి మరిచిపోయి చివరిదాకా చూసింది. పౌడరు దయ్యం వచ్చింది, ఏడ్చింది, చీపురు దెబ్బలు తింది. అత్తయ్య మండిపడింది. "ఛీ ఛీ, చెడగొట్టారు! దొంగిలించేవాళ్లు ఆఖరిదాకా దొంగిలించొద్దూ?"

అప్పుడైనా చెప్పొచ్చుగా? ఎందుకు చెప్పలేదు? ఆమె గదిలో మళ్లీ లైటు వెలగకూడదని అనుకుంటూ వచ్చాను. అది జాలేనా, లేక సినిమాకంటే నా సాక్ష్యమే బాగుందన్న ఆమె మెచ్చుకోలు వదులుకోలేకనా? రెండూను. రెండోదే కాస్త ఎక్కువేమో.

అత్తయ్య బాగా పెద్దదైపోయింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే, ఆ చీకట్లోనే హాయిగా నిద్రపోతుంది. కూడికకు కొత్తగా ఎవరొచ్చినా నా సాక్ష్యమూ, దాన్ని ఎత్తుకుపోయిన సినిమావాళ్ల దుర్మార్గమూ రెండూ చెబుతుంది. నేను పక్కనే కూర్చుని తలూపుతాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు. మింగిన మాట ఒక్కటి ఇక్కడ కక్కేస్తాను.

అత్తయ్యా, ఆ అడుగుల్ని నేను కళ్లారా చూశాను. సినిమాలో చూశాను.

అమ్మయ్య. ఎంత చిన్న మాట!