భీమయ్య బాలింత గోడ

భీమయ్య మేస్త్రీకి ఉన్నది ఒకటే పిచ్చి. కొత్తగా పూత పడ్డ గోడని ఆయన గోడ అనుకోడు, బాలింత అనుకుంటాడు. దాన్ని ఎండ సోకకూడదు, గాలి తాకకూడదు, దాని పక్కన ఎవరూ గొంతెత్తకూడదు. పూటపూటకీ నీళ్లు పట్టాలి, తడిపిన గోనెపట్టాలు కప్పాలి. జగిత్యాల దగ్గర పల్లె నుంచి గల్ఫు దేశం వచ్చి జుట్టు నెరిసింది గాని, ఈ పిచ్చి మాత్రం నెరవలేదు.

అబుదాబి వైపు అలైన్ ఊళ్లో దయాకుమారి వాళ్లు అద్దెకుండే విల్లాకి బయట గోడల నిండా అల్యూమినియం రేకులుండేవి. ఎండకి పెనంలా కాలేవి, ఎడారి గాలికి దడదడలాడేవి. అవి ఊడబీకించి సిమెంటు పూత వేయిద్దామని ఇంటి యజమాని అనుకున్నాడు. అలా సనయ్యాలోని కూలీల క్యాంపు నుంచి భీమయ్య దిగాడు.

అది విమానాలు ఆగిపోయిన ఎండాకాలం. దయాకుమారికి పురుడు పోయాల్సిన తల్లి నర్సాపురంలోనే ఉండిపోయింది. పుట్టిన బిడ్డ ఇల్లు చూడకుండానే పోయింది. మొగుడు క్రాంతికుమార్ ఆసుపత్రిలో నర్సు, అందులోనూ కరోనా వార్డు. కళ్లు తుడుచుకుని డ్యూటీకి పోక తప్పేది కాదు. వెనకగదిలో పరదా లాగేసుకుని ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. పొద్దున అతను వండిపెట్టిన గిన్నె సాయంత్రానికి మూతపెట్టింది పెట్టినట్టే ఉండేది. ఇలా తిండి మానేస్తే ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేసింది. ఇంట్లో పలికేవి ఆ రేకులొక్కటే. వాటినీ ఊడబీకాక, గాలొచ్చినా చప్పుడు లేదు.

భీమయ్య ఇనుప జాలీ కొట్టి గరుకు పూత వేసిన రోజునుంచీ ఆ వీధికి పథ్యం మొదలైంది. సూపర్‌వైజర్ సనావుల్లాది కొండల అవతలికి వినిపించే గొంతు. గోడ పక్కన నిలబడి ఫోను ఎత్తాడో లేదో, భీమయ్య వేలు పెదాల మీద పెట్టుకుని వచ్చాడు. ఇది గోడేగదా అన్నాడు సనావుల్లా. "దీవార్ నై సాబ్, జచ్చా," అన్నాడు భీమయ్య, బాలింత అని అర్థం వచ్చేట్టు. సనావుల్లా నవ్వాడు, తిట్టాడు, చివరికి రోడ్డు మీదికి పోయి మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. కొన్నాళ్లకి అలవాటు ముదిరి, క్యాంపులో కూడా గుసగుసగానే కేకలేస్తున్నాడని చెప్పుకున్నారు.

కిరాణా సరుకులు తెచ్చే షాహుల్ ఓసారి సైకిలు తెచ్చి గోడకి ఆనించాడు. నీ పెళ్లాం బాలింతగా పడుకునుంటే సైకిలు తెచ్చి ఆమెకి ఆనిస్తావా అని భీమయ్య నిలదీశాడు. షాహుల్‌కి ఇంకా పెళ్లే కాలేదు. అయినా సిగ్గుపడి, గోడకి సారీ చెప్పి, సైకిలు రోడ్డవతల పెట్టి వచ్చాడు.

ఇక భీమయ్య దయాకుమారి కిటికీ తట్టడం మొదలుపెట్టాడు. గోడకి దాహంగా ఉంది, జర వంటింటి పైపు వదలమంటాడు. వదిలితే నీళ్లు సన్నగా వస్తున్నాయంటాడు. పెంచితే గోడకి పొలమారుతోందంటాడు. ఈయన గోల పడలేక ఆమె గుమ్మం దాకా వచ్చి చూడాల్సి వచ్చేది.

ఓ మధ్యాహ్నం టిఫిను డబ్బా తెచ్చి కిటికీలో పెట్టాడు.

"గిది గోడ వాటా బిడ్డా. బాలింతను పస్తుంచొద్దు. దీనికి నోరు లేకపాయె, పారేస్తే పాపమాయె. దీని బదులు నువ్వు తిను."

"నాకు ఆకల్లేదు బాబాయ్ గారూ."

"నిన్నెవలడిగిండ్రు? గోడకు ఆకలైతంది."

డబ్బాలో వేడన్నం, నెయ్యి, వాము వేసి దంచిన ఎల్లిపాయ కారం. ఈయన కదిలేలా లేడని ఒక ముద్ద తింది. గొంతు మండింది, కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నాలుక మాత్రం రెండో ముద్ద అడిగింది. భీమయ్య అటు తిరిగి గోనెపట్టాలు తడుపుతూనే ఉన్నాడు. మర్నాడు వచ్చి, నిన్న గోడ సగమే తిన్నదనీ, గిట్లైతే పగుళ్లు పడ్తయనీ నిష్ఠూరమాడాడు. గోడ తిండి అలా రోజురోజుకీ పెరిగింది.

క్రాంతికుమార్‌కి అనుమానమొచ్చింది. ఈ గోడకి ఇంకా ఎన్నాళ్లు నీళ్లు పట్టాలని సనావుల్లానే అడిగాడు. సనావుల్లా తెల్లబోయాడు. ఆ పని ఖలాసై చాన్నాళ్లయింది, మనుషులంతా రౌండెబౌటు అవతల ఇంకో విల్లాలో ఉన్నారు. ఎండకి పని ఆపి అందరూ నీడన పడుకుంటే, ఈ ముసలాయన డబ్బా పట్టుకుని ఇటు నడుస్తున్నాడట. ఇన్నేళ్లలో ఏ గోడకీ అన్నం పెట్టగా తను చూడలేదన్నాడు.

మర్నాడు దయాకుమారి ఆయన తట్టకముందే కిటికీ తీసింది. గోడ ఎప్పుడో ఎండిపోయిందట గదా అని అడిగింది.

భీమయ్య గోనెపట్టా మీద లేని దుమ్ము దులిపాడు.

"రేకు ఊడబీకిన నాడు పరదా పక్కకు జరిగింది బిడ్డా. తలకు గుడ్డ, చెవులల్ల దూది. ఇంట్ల పసిపిల్ల ఏడ్పు లేదు. ఏమని అడుగుదు? గోడ పేరు జెప్పిన." పట్టా అంచు సర్దుతూ అన్నాడు, "పిల్ల లేకున్నా, బాలింత బాలింతే గద."

ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం మొగుడిని చేపల మార్కెట్టుకి పంపింది. మర్నాడు మధ్యాహ్నానికి భీమయ్య వచ్చేసరికి అరుగు మీద రెండు పళ్లాలున్నాయి, వాటి నిండా అన్నం, సొరచేపతో చేసిన పిట్టు. ఆయన కంగారుపడ్డాడు. బాలింతకి చేపలేంటన్నాడు.

"మా వైపు బాలింతకి సొరపిట్టు పెట్టకపోతే పుట్టింటోళ్లకి పరువు పోద్ది బాబాయ్ గారూ," అంటూ ఆమె ఒక పళ్లెం ముందు కూర్చుని కలుపుకోవడం మొదలుపెట్టింది.

భీమయ్య ఆమె తినడం చూశాడు. గోడవంక చూశాడు. ఇది మా దిక్కు గోడ, దీనికి పడదని గొణిగాడు. దానికి కనబడకుండా వీపు తిప్పి కూర్చుని, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.